తామర మందు కథ

తామర ప్రాణము తీయు వ్యాధి కాదు. అందుచేతనే కాబోలు, దానికి తగిన మందు వెదకుటలో లోకము చాలకాలము తొందరపడలేదు. కాని బడిపిల్లల తలకు పట్టు తామర సంగతి వేరు. తామర శిలీంధ్రములను గాజుపాత్రలలో పెంచు విధానమును స్థిరపరచిన పారిస్ వైద్యుడు సబురో, 1904 ప్రాంతమున ఎక్స్-రేలతో పిల్లల వెంట్రుకలు రాల్చు చికిత్సను ప్రచారములోనికి తెచ్చెను. వెంట్రుకతోపాటు రోగమును ఊడిపోవలెనని ఉద్దేశము. ఆ పద్ధతి అర్ధశతాబ్దము సాగెను. ఆ కిరణములు సోకిన పిల్లలకు పెద్దయిన పిమ్మట తలలోను మెడలోను కంతులు ఇతరులకంటె హెచ్చుగా లేచినట్లు 1974లో ఇజ్రాయెల్ వైద్యులు ప్రకటించిరి.

చిత్రమేమనగా, మందు 1939లోనే చేతికందియుండెను. లండనులో రేస్ట్రిక్, ఆయన సహచరులు ఒక పెనిసిలియం బూజునుండి గ్రిసియోఫుల్విన్ అను పదార్థమును వేరుచేసిరి. 1946లో బ్రయన్ మున్నగువారు, పైన్ మొక్కలు ఎదుగని డార్సెట్ బీడునేలలోని బూజులను పరిశీలించుచు ఒక వింత చూచిరి. ఒక బూజు స్రవించిన పదార్థము తగులగనే, ఉల్లిని కుళ్ళజేయు శిలీంధ్రపు పోగులు మెలికలు తిరిగిపోవుచుండెను. అదియు గ్రిసియోఫుల్వినే అని మరుసటి సంవత్సరము తేలినది. అయినను అది మొక్కల తెగుళ్ళు చూచువారి యొద్దనే నిలిచిపోయెను.

గాజుపాత్రలో ఆ మందు తామర శిలీంధ్రమును చంపదు, ఎదుగుదలను మాత్రమే ఆపును. చర్మముపై పూసినచో ప్రయోజనము స్వల్పము. 1958లో గ్లాస్గోలో జెంటిల్స్ అను శాస్త్రజ్ఞుడు గినీపందులకు తామర అంటించి, మందును పూయక నోటిద్వారా ఇచ్చెను. తామర నయమాయెను. కడుపులోనికి పోయిన మందు, కొత్తగా పుట్టు చర్మములోను వెంట్రుకలోను కెరటిన్‌తో కలిసిపోవును. అందు శిలీంధ్రము పాకజాలదు. పాతది ఎదిగి రాలిపోవును. గోటికైనచో ఇందుకు నెలలు పట్టును. పెరుగు వెంట్రుక లేని గాజుపాత్ర ఈ సంగతి ఎట్లు చెప్పగలదు? 1959 నుండి మనుష్యులకును ఈ మందు వాడుకలోనికి వచ్చెను. తామర కొరకు పిల్లల తలలపై ఎక్స్-రేలు ప్రసరింపజేయు అవసరము తీరెను.

అట్లని గాజుపాత్రను తీసివేయరాదు. 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అను పేరు పొందిన శిలీంధ్రము మన దేశమున విస్తరించియున్నది. అది తరచుగా టెర్బినాఫిన్ అను మందుకు లొంగదు. లొంగునో లేదో తెలియుటకు రోగి చర్మపు పొలుసును గీచి, శిలీంధ్రమును పెంచి, మందును అంతకంతకు పలుచన చేసి వరుస గుంటలలో పోసి, ఏ మోతాదున ఎదుగుదల ఆగునో చూడవలెను. ఇందుకు రోజులు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. ఈలోపున కొందరు స్టెరాయిడ్ కలిసిన పూతమందు దుకాణములో కొని రాసికొందురు. దురద తగ్గును, తామర పాకును.