తెలుగు బైబిలులో దైవాధికారం, విధేయత

క్రైస్తవ లేఖనాల్లో దైవాధికారం అంటే సృష్టి మీద సృష్టికర్తకు గల హక్కు. విధేయత అంటే ఆ హక్కును గుర్తించిన మనిషి తన నడవడితో ఇచ్చే జవాబు. ఈ భావాలను తెలుగులో అచ్చుకు చేర్చిన తొలి ప్రయత్నాల్లో ఒకటి విశాఖపట్నంలో జరిగింది. లండన్ మిషనరీ సొసైటీ పంపగా 1805లో అక్కడికి చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ తెలుగు నేర్చుకుని అనువాదానికి పూనుకున్నారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన ఆనందరాయరు వారికి తోడయ్యాడు. క్రాన్ 1809లోను, డెస్‌గ్రాంజెస్ 1810లోను మరణించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తరువాత ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది.

పాత నిబంధన మూలభాషయైన హీబ్రూలో విధేయతకు వేరే పదమేమీ లేదు. వినడం అనే అర్థమున్న 'షామా' అనే క్రియే ఆ పని కూడా చేస్తుంది. యూదులు రోజూ ఉదయం, సాయంత్రం పఠించే, ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయంలోని వాక్యం కూడా ఆ క్రియతోనే మొదలవుతుంది. ఈ ద్వంద్వార్థాన్ని అందుకోవడానికి చాలా భాషలు ఇబ్బంది పడతాయి గాని తెలుగుకు ఆ ఇబ్బంది కలగలేదు: మాట వినని పిల్లవాడంటే చెవిటివాడని ఎవరూ అనుకోరు. అమాలేకీయుల మంచి పశువులను బలికోసమే మిగిల్చానన్న సౌలు రాజును సమూయేలు ప్రవక్త మందలించిన ఘట్టంలో తెలుగు బైబిలు 'మాట వినుట' అనే వాడుకనే తీసుకోవడం అనువాదకుల చెవికున్న సున్నితత్వానికి నిదర్శనం. ఆజ్ఞలను 'గైకొనుట' అనేది మరో చక్కని ఎంపిక. చెయ్యి అనే అర్థమున్న 'కై', 'కొను' కలిసిన ఆ పదంలో ఆజ్ఞను చేతిలోకి తీసుకోవడమనే భావం ఉంది.

కొత్త నిబంధనలో అధికారమనే మాటకు మూలం గ్రీకులోని 'ఎక్సూసియా'. శాస్త్రులవలె గాక సొంత అధికారంతో బోధించాడని జనం ఆశ్చర్యపడిన యేసు, శిష్యుల పాదాలు కడిగినవాడు కూడా. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో పౌలు ఆయనను మరణం వరకు విధేయుడైనవాడిగా చిత్రించాడు. ఆజ్ఞాపించేవాడే ముందుగా లోబడినవాడు కావడం ఈ సిద్ధాంతానికి ప్రాణం, దీన్ని విస్మరించిన వ్యాఖ్యానం విధేయతను వట్టి దాస్యంగా మార్చేస్తుంది.

మానవ అధికారుల విషయంలో లేఖనాలు రెండు స్వరాలతో పలుకుతాయి. రోమీయులకు రాసిన పత్రిక పదమూడవ అధ్యాయం పాలకులకు లోబడమంటుంది. అపొస్తలుల కార్యములు అయిదవ అధ్యాయంలో పేతురు, తోటి అపొస్తలులు మనుషుల ఆజ్ఞకంటే దేవుని ఆజ్ఞే ముందని న్యాయసభ ఎదుటే తేల్చిచెబుతారు. తెలుగునాట ఈ రెండవ స్వరం పండితచర్చల్లో కంటే ఒంగోలు ప్రాంతపు మాదిగ పల్లెల్లో గట్టిగా వినిపించింది. జాన్ క్లఫ్ నడిపిన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో 1867 మొదలుకొని బాప్తిస్మం పొందిన అక్కడివారు ఆదివారం పని చేయబోమని, చచ్చిన పశువుల మాంసం తినబోమని, గ్రామదేవతల జాతరల్లో డప్పు కొట్టబోమని పట్టుబట్టారు. పెద్దరైతులకు, కరణాలకు ఇది ధిక్కారంగా కనబడింది. చాకలి వారి బట్టలు ఉతకకూడదని, కుమ్మరి వారికి కుండలు అమ్మకూడదని కట్టడి చేసి, వారి పశువులను ఉమ్మడి బీళ్ల నుంచి తోలించారు.