ఇంటి అడుగున అమెరికా చరిత్ర

నేనుంటున్న నార్త్ కరోలినాలో చాలా ఇళ్లు నేలను ఆనుకుని ఉండవు. మన దగ్గర పునాది గోడల మధ్య మట్టి నింపి, తడిపి, దిమ్మిసతో కొట్టి, దాని మీద గచ్చు చేస్తాం. ఇక్కడ ఆ ఖాళీ నింపరు. చుట్టూ రెండు మూడడుగుల గోడ, మధ్యలో ఇటుక దిమ్మెలు, వాటి మీద చెక్క దూలాలు, ఆ పైన ఇల్లు. కింద మిగిలిన చీకటి జాగాను క్రాల్‌స్పేస్ అంటారు. నీళ్ల పైపులు, కరెంటు వైర్లు, ఏసీ గొట్టాలు అందులోనే పోతాయి. దాని అడుగున ఉండేది వట్టి మట్టి.

ఏసీలు లేని రోజుల్లో ఈ దక్షిణాది రాష్ట్రాల వాళ్లు దిమ్మెల మీద ఎత్తుగా ఇల్లు కట్టుకునేవారు. వాన నీరు చెక్కకు తగలదు, చెదలు కంటపడతాయి, కింద గాలి ఆడుతుంది. తర్వాతి కాలంలో దిమ్మెల చుట్టూ గోడ కట్టి, గాలి కోసం అక్కడక్కడా జాలీలు వదిలారు. గృహరుణాలకు పూచీ ఇవ్వడానికి 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, 1940లలో తన కనీస ప్రమాణాల్లో ఇంటి కింద గాలి ఆడాలన్న షరతు చేర్చింది. క్రమంగా 150 చదరపు అడుగుల నేలకు ఒక చదరపు అడుగు జాలీ అన్న లెక్క నిర్మాణ నిబంధనల్లో స్థిరపడింది. మట్టి మీద ప్లాస్టిక్ షీటు పరిస్తే ఆ జాలీలు బాగా తగ్గించుకోవచ్చు.

ఇంతలో ఏసీ ఇంటింటికీ వచ్చింది. జీవితం మారింది కానీ జాలీల లెక్క అలాగే ఉండిపోయింది. ఇక్కడి జులై మన కోస్తా ఉక్కపోతకు తీసిపోదు. బయట 32 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న గాలి జాలీలోంచి ఇంటి కిందికి దూరి 24 డిగ్రీలకు చల్లబడితే, అదే గాలిలో తేమ 95 శాతానికి చేరుతుంది. ఇంకా చల్లగా ఉన్న ఏసీ గొట్టం తగిలితే నీటిబొట్లు కడుతుంది. ఆరబెట్టాల్సిన గాలే తడిపిపోతుంది. దూలాలకు బూజు పడుతుంది, చెక్క మెత్తబడుతుంది. ఇంట్లోని గాలి పైకి పోతున్నప్పుడు, ఆ ముక్క వాసన గాలి నేల సందుల్లోంచి మన గదుల్లోకి ఎక్కుతుంది.

ఈ సంగతిని ఇళ్లలో కొలిచి చూపించిన ఊరు ప్రిన్స్‌విల్. అంతర్యుద్ధం ముగిసిన 1865లో, బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతివారు టార్ నది ఒడ్డున, వరదలొచ్చే పల్లపు నేలలో ఆ ఊరు నిలుపుకున్నారు. మంచి నేల వాళ్లకెవరూ ఇవ్వలేదు. తమలో ఒకరైన టర్నర్ ప్రిన్స్ అనే వడ్రంగి పేరుతో 1885లో అది అధికారికంగా పట్టణమైంది. 1999 సెప్టెంబరులో హరికేన్ ఫ్లాయిడ్ వరద ఊరంతటినీ ముంచేసింది. తిరిగి కట్టుకున్నాక, రాలీ నగరంలోని అడ్వాన్స్‌డ్ ఎనర్జీ సంస్థ అక్కడ ఒకే నమూనా ఇళ్లు 12 తీసుకుని పరిశీలించింది. కొన్నింటి కింద జాలీలు ఉంచి, మట్టి మీద మామూలుగా షీటు పరిచారు. మిగతావాటికి జాలీలు మూసి, షీటును గోడల దాకా అతికించి బిగించారు. మూసిన ఇళ్ల అడుగు స్పష్టంగా పొడిగా ఉంది, వేడికీ చల్లదనానికీ అయ్యే ఖర్చు సగటున 15 శాతానికి పైగా తగ్గింది. జాలీలున్న ఇళ్లలోనూ షీటు ఉందన్నది గమనించండి. ఊరికే పరిచినంత మాత్రాన సరిపోదు. దరిమిలా రాష్ట్ర నిబంధనల్లో మూసిన క్రాల్‌స్పేస్‌కు చోటు దొరికింది.

కాబట్టి ఇంటి అడుగును మూసే పని పద్ధతిగా జరగాలి. మొదట నీళ్ల సంగతి చూడాలి: చూరు నీరు గోడకు దూరంగా పోవాలి, చుట్టూ నేల మొదటి పదడుగుల్లో ఆరంగుళాలు బయటికి వాలాలి, పైపుల లీకులు ఆగాలి. షీటు ఆవిరిని ఆపుతుంది, వరదను ఆపదు. తర్వాత కింద పడి ఉన్న చెక్కముక్కలన్నీ ఏరెయ్యాలి, చెదలకు అవే ఆహారం. షీటు మందం కనీసం ఆరు మిల్ ఉండాలి. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, కాబట్టి ఆరు మిల్ షీటు 0.15 మిల్లీమీటర్లే. పాకుతూ తిరిగే మనుషుల మోకాళ్లకు చిరగకుండా ఇంకా మందమైనది వేస్తే మేలు. ఒక షీటు అంచు మరొకదాని మీద ఆరంగుళాలకు తగ్గకుండా ఎక్కాలి, అతుకు మొత్తానికీ టేపు పడాలి.

పనితనం తెలిసేది దిమ్మె దగ్గరే. హడావిడి మేస్త్రి దిమ్మె చుట్టూ షీటు కోసి వదిలేస్తాడు, ఆ సందులోంచి మట్టి తేమ నేరుగా పైకొస్తుంది. ఓపిక ఉన్నవాడు వేరే ముక్క కోసి దిమ్మెకు పైకి చుట్టి, కింది షీటుతో కలిపి టేపు వేస్తాడు. బయటి గోడ మీదికి కూడా షీటు ఆరంగుళాలైనా ఎక్కి, అక్కడ బిగించి ఉండాలి. గోడ పైభాగంలో మాత్రం చెదల తనిఖీకి మూడంగుళాల పట్టీ తెరిచి ఉంచాలి. ఆ తర్వాతే జాలీలు మూయాలి, లోపలికి డీహ్యూమిడిఫయరో, ఏసీ నుంచి కొద్దిపాటి గాలో పెట్టాలి. కింద గ్యాస్ ఫర్నేస్ ఉంటే, దాని పొగా దానికి కావాల్సిన గాలీ బయటితో కలిసే ఏర్పాటు లేకుండా జాలీలు మూయడం ప్రాణాపాయం.

ఈ రాష్ట్రంలో ఇల్లు కొంటున్న తెలుగువాళ్లు చాలామంది. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు వంటగది, తూర్పు ముఖం గురించి అడుగుతారు, అడగండి. దాంతోపాటు ఇంటి అడుగు గురించి కూడా అడగండి. సంతకం పెట్టేముందు ఇన్‌స్పెక్టర్‌ను కిందికి పంపి, ప్రతి దిమ్మెకూ ప్రతి అతుకుకూ ఫొటో తీయించమని మీ పిల్లలకు చెప్పండి.