టీబీ టీకా: క్రిమి పైపొర ప్రొటీన్ చుట్టూ వేట

టీబీకి ఇప్పటికీ వాడుకలో ఉన్న టీకా ఒక్కటే. అది 1921లో తొలిసారి మనిషికి ఇచ్చిన బీసీజీ. మన దేశంలో 1948లో మదనపల్లెలో దీన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. పసిపిల్లలకు మెదడు పొరల టీబీ లాంటి తీవ్ర రూపాలు రాకుండా ఇది కాపాడుతుంది. పెద్దల్లో ఊపిరితిత్తుల టీబీని మాత్రం ఆపలేకపోతోందని 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో మొదలైన భారీ ప్రయోగం తేల్చింది. వ్యాధిని ఎక్కువగా వ్యాపింపజేసేది పెద్దలే. ప్రపంచ టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు భారత్‌లోనే ఉన్నాయి.

ఏమిటీ పీపీఈ ప్రొటీన్లు?

టీబీ క్రిమి జన్యుపటం 1998లో వెలువడింది. అందులోని సుమారు 4,000 జన్యువుల్లో పీఈ, పీపీఈ అనే రెండు కుటుంబాలు జన్యు సమాచారంలో పదో వంతు దాకా ఆక్రమించాయని తెలిసింది. ఈ ప్రొటీన్లలో చాలావరకు క్రిమి పైపొర మీద ఉంటాయి, లేదా బయటకు విడుదలవుతాయి. అంటే మన రోగనిరోధక కణాలకు ముందుగా ఎదురయ్యేవి ఇవే. టీకా పరిశోధకులకు వీటిపై ఆసక్తి అందుకే.

హైదరాబాద్‌లో ఏం తేలింది?

వీటిలో పీపీఈ18పై హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీలో సంగీతా ముఖోపాధ్యాయ బృందం పనిచేసింది. క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలపై టీఎల్ఆర్2 అనే గ్రాహకం ఉంటుంది. పీపీఈ18 దానికి అతుక్కుని, రోగనిరోధక స్పందనను చల్లార్చే ఐఎల్-10ను పెంచుతోందని 2009లో ఈ బృందం వెల్లడించింది. పీపీఈ18 లేని క్రిములు ఎలుకల్లో అంతగా విజృంభించలేకపోయాయని 2012లో చూపింది. అంటే ఈ ప్రొటీన్ క్రిమికి కవచంలా పనిచేస్తోంది.

అదే ప్రొటీన్ టీకాలో ఎందుకు?

ఎం72 అనే కొత్త టీకాలో రెండు ప్రొటీన్లను కలిపారు. అందులో ఒకటైన ఎంటీబీ39ఏ ఈ పీపీఈ18నే. శత్రువు ఆయుధాన్ని శరీరానికి ముందే చూపించి, టీ కణాలను సిద్ధం చేయడం దీని లక్ష్యం. ఆ స్పందన బలంగా ఉండేందుకు ఏఎస్01 అనే సహాయక పదార్థాన్ని జోడిస్తారు.

కెన్యా, దక్షిణాఫ్రికా, జాంబియాల్లో టీబీ క్రిమి అప్పటికే సోకినా జబ్బు పడని పెద్దలపై దీన్ని పరీక్షించారు. టీకా తీసుకున్నవారిలో 13 మందికి, తీసుకోనివారిలో 26 మందికి టీబీ వచ్చింది. మూడేళ్లలో రక్షణ దాదాపు 50 శాతమని 2019లో ప్రకటించారు. కేసుల సంఖ్య తక్కువ కాబట్టి దీన్ని ఆశాజనక ఫలితంగానే చూడాలి. మూడో దశ ప్రయోగం 2024 మార్చిలో దక్షిణాఫ్రికాలో మొదలైంది.

మనకు మిగిలిన ప్రశ్న

ఈ మూడో దశ కేంద్రాల్లో భారత్ లేదు. పీపీఈ18 జన్యువు అన్ని క్రిముల్లోనూ ఒకేలా ఉండదని, రోగుల నుంచి సేకరించిన క్రిముల్లో తేడాలున్నాయని 2007లోనే ఒక అధ్యయనం చూపింది. దక్షిణ భారతంలో లీనియేజ్-1 రకం క్రిములు ఎక్కువ. కాబట్టి ఆఫ్రికాలో పనిచేసిన టీకా ఇక్కడ అంతే పనిచేస్తుందని ముందే అనుకోలేం. క్రిమిని మొత్తంగా బలహీనపరిచి తయారుచేసే ఎంటీబీవ్యాక్ టీకా ప్రయోగాలను హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ 2024లో దేశంలో ప్రారంభించింది. దారి ఏదైనా, తుది తీర్పు మాత్రం ఇక్కడి రోగుల మధ్య జరిగే ప్రయోగాలే చెప్పాలి.