మనకు నచ్చిన శత్రువు: దుర్యోధనుడి నుంచి అబీ దాకా

డ్యూటీలో ఉండి ఈ ఎపిసోడ్ విననోళ్ళ కోసం ఆ ముచ్చటే ఇక్కడ రాస్తున్నా.

నేను జెద్దాలో, బలద్‌లోని పాత ఇండ్ల రిపేరు పనిలో సూపర్‌వైజర్ని. మొన్న జుమ్మా రోజు రూములో ఒక తమ్ముడు యూట్యూబ్‌లో ఒక గేమ్ చూపించాడు. పేరు 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2', 2020లో వచ్చింది. మొదట్లోనే అబీ అనే అమ్మాయి, మనకు ఇష్టమైన జోయెల్‌ను కొట్టి చంపేస్తుంది. జోయెల్ కూతురిలా పెంచిన ఎల్లీగా మనం ఆడుతూ పగ తీర్చుకోవడానికి బయలుదేరతాం. సగం కథ అయ్యాక అబీనే మన చేతికిస్తారు. అప్పుడు తెలుస్తుంది: ఆమె తండ్రి డాక్టరు, ఆయన్ని చంపింది జోయెలే. నిన్నటిదాకా ఎవరి కోసం వెతికామో, ఇప్పుడు ఆమె ప్రాణం మనమే కాపాడాలి. చాలామంది ఆటగాళ్ళకు ఇది మింగుడుపడలేదు.

మన తెలుగోళ్ళకు మాత్రం ఇది కొత్త కాదు. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి స్వర్గారోహణ పర్వం దాకా 15 పర్వాలు తెలుగు చేశాడు. ఆ చివరి పర్వంలో ధర్మరాజు స్వర్గానికి పోతే, అక్కడ దర్జాగా కూర్చుని కనిపించేది దుర్యోధనుడు! యుద్ధంలో వెనుదిరగకుండా ప్రాణమిచ్చాడు కాబట్టి ఆ చోటు దక్కింది. ధర్మరాజుకే అది మింగుడుపడలేదు.

తర్వాత సినిమా వచ్చింది. ఎన్టీఆర్ 1958లో 'భూకైలాస్'లో, 1961లో 'సీతారామ కల్యాణం'లో రావణుడు. 1966లో 'శ్రీకృష్ణ పాండవీయం'లో కృష్ణుడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే. 1977 సంక్రాంతికి వచ్చిన 'దాన వీర శూర కర్ణ'లో కర్ణుడితో కలిపి మూడు వేషాలు, పైగా దర్శకత్వం. జనం దండం పెట్టుకునే ముఖాన్నే తెచ్చి శత్రువుకు పెట్టారు. గేమ్‌లో అబీని మన చేతికివ్వడం ఎలాంటిదో, ఇదీ అలాంటిదే. ఇక అసహ్యించుకోవడం ఎలా?

దానికి కొండవీటి వేంకటకవి మాటలు తోడయ్యాయి. కర్ణుణ్ణి పుట్టుక అడిగి నిండు సభలో అవమానిస్తే, లేచి ఎదురు ప్రశ్న వేసింది దుర్యోధనుడు. అక్కడికక్కడే అంగరాజ్యం ఇచ్చాడు. అందులో స్వార్థం కూడా ఉంది: అర్జునుడికి ఎదురు నిలిచేవాడు దొరికాడు. అయినా ఆ మాట అడిగినవాడు ఆయనొక్కడే. నా చిన్నప్పుడు మా ఊళ్ళో పెళ్ళి ఉంటే ఆ డైలాగుల క్యాసెట్టు మైకులో మోగేది. మేం పిల్లలం భీముడి మాటలు కాదు, దుర్యోధనుడి మాటలే బట్టీ పట్టాం.

అయితే ఒక్కటి గమనించండి. అంత మంచి మాటలు ఇచ్చినా ద్రౌపదిని సభకు ఈడ్పించిన పాపం కథలోంచి తీసేయలేదు. అబీ కొట్టిన దెబ్బలు కూడా అలాగే ఉన్నాయి. కారణం చెప్పడం వేరు, తప్పు మాఫీ చేయడం వేరు. ఈ రెండూ కలిపేస్తే శత్రువు పాత్ర పాడవుతుంది.

వీడియో అయిపోయాక తమ్ముడు అన్నాడు: "అన్నా, మా కథల అబీవి నువ్వే. నీ దిక్కు కథ మాకెవరు చెప్పాలె?"

పోయిన నెల వాడు రెండు గంటలు లేటుగా వస్తే టైమ్‌షీట్‌లో సగం రోజు కోత రాసింది నేనే. ఇంటికాడ అమ్మను ఆస్పత్రిలో చేర్చారని రాత్రంతా ఫోన్‌లో ఉన్నాడట. నేను అడగలేదు. కోత రాయకపోతే పైవాళ్ళు నా జీతంలోంచి పట్టుకుంటారని నా భయం. అది నేను వాడికి చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను. చెప్పినంత మాత్రాన వాడి జీతం తిరిగి రాదు కదా? అంత డబ్బు నా జేబులోంచి ఇచ్చాను. తీసుకున్నాడు, నవ్వలేదు.

బలద్ ఇండ్లకు చెక్కతో చేసిన రోషన్ కిటికీలు ఉంటాయి. వీధిలోంచి చూస్తే లోపల ఎవరున్నారో కనపడదు. లోపల నిలబడితే వీధంతా కనపడుతుంది. శత్రువు కథ రాసేవాడు మనల్ని కాసేపు ఆ లోపల నిలబెట్టాలి. మళ్ళీ వీధిలోకి తీసుకురావాలి కూడా.

మీ సైట్‌లో మీరు ఎవరికి అబీ? వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం.