తలలో చేరిన నీటికి దారి వెతికిన శతాబ్దం

పసిపిల్లల తలలో నీరు చేరే హైడ్రోసెఫాలస్ వ్యాధిని వైద్యులు ప్రాచీనకాలం నుంచే గుర్తించినా, ఆ నీరు ఎక్కడ ఊరుతుందో, ఎక్కడ ఆగిపోతుందో ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యాక గాని స్పష్టంగా తేలలేదు. మెదడు లోపల కోష్ఠకాలనే నాలుగు గదులున్నాయి. వాటిలోని కొరాయిడ్ ప్లెక్సస్ అనే రక్తనాళాల కుచ్చుల నుంచి మెదడు-వెన్ను ద్రవం నిరంతరం ఊరుతూ, ఇరుకైన దారుల గుండా బయటపడి, మెదడు పైభాగాన ప్రవహించి తిరిగి రక్తంలో కలుస్తుంది. ఆ దారి మూసుకుపోతే కోష్ఠకాలు ఉబ్బుతాయి; పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోని శిశువులకు తల కూడా పెరిగిపోతుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో వాల్టర్ డాండీ, కెనెత్ బ్లాక్‌ఫాన్ 1913–14లో ప్రచురించిన ప్రయోగాలు ఈ విషయాన్ని నిరూపించాయి. ఆ ఆధారంతోనే డాండీ 1918లో కొరాయిడ్ ప్లెక్సస్‌ను తొలగించే శస్త్రచికిత్సను ప్రకటించారు. 1923లో బోస్టన్ వైద్యుడు విలియం మిక్స్‌టర్ మూత్రనాళ పరీక్షకు వాడే పరికరాన్ని ఒక శిశువు మెదడులోకి పంపి, మూడవ కోష్ఠకం అడుగున రంధ్రం చేసి ద్రవానికి కొత్త దారి తెరిచారు. ఆలోచన సరైనదే అయినా, ఆనాటి మసక వెలుగు పరికరాలతో దాన్ని నిలబెట్టడం సాధ్యం కాలేదు.

ఆ లోటును పూరించింది షంట్, అంటే మెదడులోని ద్రవాన్ని శరీరంలో మరో చోటికి మళ్లించే గొట్టం. గొట్టం మాత్రమే ఉంటే చాలదు. ద్రవం ఒకే దిశలో, తగిన పీడనం వద్ద మాత్రమే పారేలా చూసే కవాటం కూడా కావాలి. శస్త్రవైద్యులు ఫ్రాంక్ నల్సెన్, యూజీన్ స్పిట్జ్ 1949లో అలాంటి కవాటంతో ద్రవాన్ని మెడ సిరలోకి మళ్లించారు. దాన్ని నమ్మకమైన వస్తువుగా తీర్చిదిద్దింది మాత్రం ఫిలడెల్ఫియా ప్రాంతంలో తాళాల కర్మాగారంలో పనిచేసే జాన్ హోల్టర్. ఆయన కుమారుడు కేసీ 1955లో వెన్ను లోపంతో పుట్టి ఈ వ్యాధికి గురయ్యాడు. సూది గుచ్చి తీసినా రబ్బరు గొట్టం నుంచి చుక్క కూడా కారకపోవడం ఆసుపత్రిలో గమనించిన హోల్టర్, పీడనం పెరిగితే తెరుచుకుని తగ్గితే మూసుకునే సన్నని చీలికలతో సిలికోన్ కవాటం తయారుచేశారు. అది 1956లో వాడుకలోకి వచ్చింది. కేసీ ఎంతో కాలం బతకలేదు గాని, ఆ కవాటం వేలాది మంది పిల్లల ప్రాణాలు కాపాడింది. వైద్యచరిత్రలో ఒక తండ్రి ఆరాటానికి దక్కిన ఇంతటి ఫలం అరుదు.

అయితే గొట్టం పూడుకుపోవచ్చు, దానికి సూక్ష్మజీవులు పట్టవచ్చు. ద్రవాన్ని మెడ సిర ద్వారా గుండె వైపు కాకుండా పొత్తికడుపులోకి మళ్లించే పద్ధతి స్థిరపడ్డాక కూడా ఈ చిక్కులు పోలేదు. మెదడు పొరల వాపు (మెనింజైటిస్) తర్వాతో, రక్తస్రావం తర్వాతో వచ్చే క్లిష్టమైన వ్యాధిలో ఇవి మరీ ఎక్కువ. ఎందుకంటే కోష్ఠకాల లోపల పొరలు ఏర్పడి ద్రవం వేర్వేరు అరల్లో చిక్కుకుపోతుంది, ఒక అరలో పెట్టిన గొట్టం పక్క అరను ఖాళీ చేయలేదు. ఒకప్పుడు అరకొక గొట్టం చొప్పున అమర్చేవారు. మేలైన ఎండోస్కోపులు, అంటే లోపలికి పంపి చూసే సన్నని పరికరాలు, వచ్చాక పొరలను చీల్చి అరలను కలిపి, వీలైనంత వరకు ఒకే షంటుతో సరిపెట్టడం మొదలైంది.

గొట్టం పూడిన రోజున సత్వరం ఆసుపత్రికి చేరలేని కుటుంబానికి షంటే ప్రమాదమవుతుంది. ఉగాండాలోని ఎంబాలె పట్టణంలో శస్త్రవైద్యుడు బెంజమిన్ వార్ఫ్ ఎదుర్కొన్న సమస్య అదే. అక్కడి శిశువులలో ఎక్కువమందికి ఈ వ్యాధి ఇన్ఫెక్షన్ల వల్లే వచ్చేది. భారతదేశంలోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే చవకైన ఛాబ్రా షంట్ ఖరీదైన విదేశీ షంటుకు ఏడాది ఫలితాల్లో తీసిపోదని 195 మంది పిల్లలపై జరిపిన అధ్యయనంలో ఆయన చూపారు. భారతీయ తయారీకి ఇది చిన్న గౌరవం కాదు. అంతకంటే ముఖ్యంగా, మిక్స్‌టర్ రంధ్రాన్నీ, డాండీ ఆలోచననూ ఒకే ఎండోస్కోపుతో జోడించి, రంధ్రం చేయడంతో పాటు కొరాయిడ్ ప్లెక్సస్‌ను కాల్చివేశారు. 2005లో ఆయన ప్రచురించిన ఫలితాల ప్రకారం ఏడాదిలోపు శిశువులలో రంధ్రం ఒక్కటే 47 శాతం మందికి ఫలించగా, రెండూ కలిపితే 66 శాతం మందికి ఫలించాయి. ఇన్ఫెక్షన్ వల్ల వ్యాధి వచ్చిన 100 మంది ఉగాండా శిశువులలో ఈ పద్ధతినీ షంటునూ పోల్చిన పరిశోధన 2017లో వెలువడింది. పన్నెండు నెలల తర్వాత బుద్ధి వికాసంలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే ఎండోస్కోపు చికిత్స విఫలమైతే చాలావరకు తొలి ఆరు నెలల్లోనే బయటపడుతుంది గాని, షంట్ ఎన్నేళ్ల తర్వాతైనా పూడుకుపోవచ్చు గనుక, ఆసుపత్రికి దూరంగా ఉన్న కుటుంబాలకు ఈ తేడాయే నిర్ణయాత్మకమైంది.