దక్షిణాఫ్రికాలో బడిపంతుళ్ళ ఆరోగ్యం: సంఘాలు సాధించిన సదుపాయాల కథ

1860 నవంబరు 16న 'ట్రూరో' ఓడ మద్రాసు నుండి డర్బను రేవుకు చేరిన నాటి నుండి మన తెలుగువారు ఈ నాతాల్ గడ్డమీద చేసిన పనులు చెప్పుకోవలసివస్తే చెరకు తోటలు ముందు వస్తాయి, బడిపంతులు పని బాగా వెనుక వస్తుంది. అయినా రెండు మూడు తరాలు గడిచేసరికి మన కుటుంబాలలో ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినియో లేని ఇల్లు అరుదైపోయింది. తోటలో పనిచేసిన తాతకు గిర్మిటు ఒప్పందంలో వైద్యం అని కాగితం మీదనైనా వ్రాసి ఉండేది. ఆయన మనుమడు పంతులై మంచాన పడినప్పుడు ఆదుకొనేవారెవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి చాలా దశాబ్దాలే పట్టింది.

ఆనాటి భారతీయుల బడులు అధికభాగం సర్కారు కట్టించినవి కావు. మనవారే చందాలు పోగుచేసి, స్థలం సంపాదించి, గోడలు లేపితే ప్రభుత్వం గ్రాంటు ఇచ్చేది. పంతుళ్ళ జీతాలు తెల్లవారి బడులలోని జీతాలతో పోల్చదగినవి కావు. ఈ పరిస్థితులలో 1925లో నాతాల్ భారతీయ ఉపాధ్యాయుల సంఘం ఏర్పడింది. మరి నాలుగేళ్ళకు భారత ప్రభుత్వ ఏజెంటుగా వచ్చిన శ్రీ కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు మన ఆంధ్రులే. వారు ఇక్కడ ఉన్న కాలంలోనే, 1931లో, మన ఆంధ్ర మహాసభ కూడా వెలసింది. పగలు ఇంగ్లీషు బడిలో పాఠం చెప్పి, సాయంత్రం జీతం లేకుండా మన పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించిన వారు చాలామంది ఈ రెండు సంస్థలకూ చెందినవారే. అంత చాకిరీ ఆ శరీరాలు ఎట్లా ఓర్చుకొన్నాయో మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఓర్చుకోలేనివీ ఉన్నాయి. ఆ రోజులలో డర్బను భారతీయులను పీడించిన జబ్బు క్షయ. ఇరుకు ఇళ్ళు, చాలని తిండి, కిక్కిరిసిన తరగతి గది, వీటికి తోడు సుద్దముక్కల పొడి. 1941లో పాల్ సైక్స్ గారి పూనికతో రోగుల మిత్ర సంఘం, అనగా మనవారందరూ 'ఫోసా' అని పిలిచే సంస్థ, ఏర్పడింది. డర్బను దగ్గర న్యూలాండ్స్‌లో అది క్షయరోగులకు నివాసాలు నెలకొల్పింది. రోగికి మందుతోపాటు రోగి ఇంటివారికి నీడ కూడా కావాలని గుర్తించడం ఆ సంస్థ గొప్పతనం. ఉపాధ్యాయ సంఘానికి అప్పుడు యజమానితో బేరమాడే చట్టబద్ధమైన హక్కు లేదు. వినతిపత్రం వ్రాయవచ్చు, రాయబారం పంపవచ్చు, తమలో తాము చందా వేసుకోవచ్చు. చందా పట్టీ చేతులు మారేది, తోటి పంతులు ఇంటికి ఆ నెల బియ్యం వచ్చేవి. అది దయ, దానికి మేము చేయెత్తి నమస్కరిస్తాము. కాని దయకు లెక్కా హద్దూ ఉండదు. అడగడానికి నామోషీ పడినవారికి అది అందేదీ కాదు.

బడులు చాలక ఒకే భవనంలో పొద్దున ఒక బడి, మధ్యాహ్నం ఒక బడి నడిచిన 'ప్లటూన్' కాలం, ఆ తరువాత 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం మనలను చాట్స్‌వర్త్ వైపు తోసిన కాలం, 1966లో మన చదువులు భారతీయ వ్యవహారాల శాఖ చేతికి పోయిన కాలం - ఇవన్నీ మన పాఠకులకు తెలిసినవే. ఆరోగ్యం విషయంలో ఆ దశాబ్దాలలో చెప్పుకోదగినది 1969లో చాట్స్‌వర్త్‌లో ఆర్.కె. ఖాన్ ఆసుపత్రి తెరవడం. అది కూడా పంతుళ్ళకు ప్రత్యేకించినది కాదు, అందరిదీ.

పాత నాతాల్ సంఘం వారసురాలైన 'టాసా' 1980లలో గట్టిగా మాట్లాడింది. 1990 అక్టోబరులో అన్ని జాతులవారికీ కలిపి 'సాడ్టు' ఏర్పడింది, తరువాత టాసా అందులో కలిసిపోయింది. 1991లో 'నాప్టోసా' వచ్చింది, మనవారిలో చాలామంది అటువైపు వెళ్ళారు. ఎవరు ఎటు వెళ్ళినా అసలు మార్పు 1993 నాటి విద్యా కార్మిక సంబంధాల చట్టంతో వచ్చింది. యజమానీ సంఘమూ ఒకే బల్లకు ఇరువైపులా కూర్చోవలసిన ఏర్పాటు అది. ఇక 1998 నాటి ఉపాధ్యాయుల నియామక చట్టం కింద వచ్చిన నియమాలలో పూర్తి జీతంతో సెలవు, మూడేళ్ళ వలయానికి 36 పనిదినాలు, నిలబడింది. ప్రసవానికి నాలుగు నెలల జీతపు సెలవు కూడా హక్కయింది. 2006 నుండి ప్రభుత్వోద్యోగుల వైద్య నిధి 'జెమ్స్' పనిచేయసాగింది. చందా పట్టీ స్థానంలో చట్టం వచ్చింది.

ఆ తరువాత పెద్ద పరీక్ష హెచ్.ఐ.వి. రూపంలో వచ్చింది. విద్యా కార్మిక సంబంధాల మండలి చేయించగా 2005లో వెలువడిన అధ్యయనం ప్రకారం ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులలో నూటికి 12.7 మందికి ఈ వ్యాధి సోకి ఉన్నది, మన క్వాజులు-నాతాల్‌లో 21.8 మందికి. భారతీయ సంతతి ఉపాధ్యాయులలో ఈ సంఖ్య చాలా తక్కువ. అందుచేత మనవారు కొందరు ఇది మన గొడవ కాదనుకొన్నారు. ఆ మాట మాకు నచ్చలేదు. స్టాఫ్ రూములో పక్క కుర్చీ ఖాళీ అయినప్పుడు ఆ తరగతి కూడా మన పంతులమ్మ తలమీదే పడింది. సంఘాలు మండలితోను, అమెరికా ఉపాధ్యాయ సమాఖ్యతోను కలిసి పరీక్షలు, మందులు, తోటివారి చేత శిక్షణ అందించే పనికి పూనుకొన్నాయి. 2008లో ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య సంక్షేమ ప్రణాళిక వచ్చింది. హెచ్.ఐ.వి., క్షయలతోపాటు మానసిక ఒత్తిడి, దీర్ఘరోగాలు, పనిచేసే చోటి భద్రత కూడా అందులో చేరాయి. మన ఇళ్ళలో షుగరు, రక్తపుపోటు ఎంత సామాన్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంత ఉన్నా చిక్కు ఎక్కడ? ఆ 36 రోజులు అయిపోయిన తరువాత. అప్పుడు తాత్కాలిక అశక్తత సెలవు కోరాలి. గైరుహాజరైన మొదటి రోజు నుండి అయిదు పనిదినాలలో దరఖాస్తు, డాక్టరు కాగితాలు అందాలి. వైద్య నిపుణుల సంస్థ పరిశీలించి సలహా ఇస్తుంది, శాఖ 30 పనిదినాలలో తేల్చాలి. ఆలస్యంగా 'కాదు' అంటే అప్పటికే వాడుకొన్న రోజులు జీతం లేని సెలవుగా మారి, జీతంలోంచి కోత పడుతుంది. ఆపరేషనై ఇంట్లో పడుకొన్న మనిషి ఈ గడువులు లెక్కపెట్టుకోలేడు. సంఘ ప్రతినిధి చేసే అసలైన ఉపకారం ఇక్కడే ఉన్నది, సభల్లోని ఉపన్యాసాలలో కాదు.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు బేరం త్వరగానే కుదిరింది. మండలి ఆ ఏటి మొదటి ఒప్పందం ద్వారా, ఇతర జబ్బులున్నవారికీ అరవై దాటినవారికీ ఇంటినుండి పనిచేసే వెసులుబాటు అడిగే హక్కు ఇచ్చింది. 2021 జూన్ 23 నుండి ఉపాధ్యాయులకు, బడి సిబ్బందికి టీకాలు వేశారు. ఆ చలికాలంలో మన అక్కలు, అన్నలు వరుసలలో నిలబడ్డారు.

మన ఉపాధ్యాయులు అంతగా వాడుకోనిది మనసుకు సంబంధించిన సలహా సదుపాయం. గోప్యంగా ఉంటుందని చెప్పినా, ఇంత చిన్న సమాజంలో ఎవరి చెవిన పడుతుందోనని భయం. అమ్మగారికి నిద్రపట్టడం లేదని ఇంట్లో అందరికీ తెలుసు, ఫోను మాత్రం ఎవరూ చేయరు. ఇక సెలవుల సంగతి: 2025 జనవరి 1న మొదలైన మూడేళ్ళ వలయం 2027 డిసెంబరు 31తో ముగిసేది. వాడని రోజులు తరువాతి వలయానికి రావు.