గూగుల్ ఎర్త్

ఉపగ్రహ చిత్రాలను, విమానాల నుంచి తీసిన ఫొటోలను, నేల ఎత్తుపల్లాల కొలతలను కలిపి భూమిని కంప్యూటర్ తెరపై గోళంగా చూపే సాఫ్ట్‌వేర్ గూగుల్ ఎర్త్. మౌస్ చక్రం తిప్పుతూ ఖండం, జిల్లా, ఊరు దాటుకుని డాబా మీది నీళ్ల ట్యాంకు దాకా దిగవచ్చు.

ఇది పుట్టింది గూగుల్‌లో కాదు. అమెరికాలో 2001లో మొదలైన కీహోల్ అనే చిన్న సంస్థ ‘ఎర్త్‌వ్యూయర్’ పేరుతో దీన్ని తయారుచేసింది. 2003 ఇరాక్ యుద్ధ వార్తల్లో టీవీ ఛానళ్లు వాడడంతో జనం కంట పడింది. 2004లో గూగుల్ ఆ సంస్థను కొని, 2005 జూన్‌లో కొత్త పేరుతో విడుదల చేసింది. గుర్తుపెట్టుకున్న స్థలాలను దాచే కేఎంఎల్ ఫైళ్ల పేరులోని ‘కె’ కీహోల్‌దే.

భూమి బొమ్మ మొత్తాన్ని ఒక కంప్యూటర్‌లోకి దించుకోవడం అయ్యే పని కాదు. అందుకే చిత్రాలను చదరపు ముక్కలుగా కోసి, ఒక్కో చోటికి మసక నుంచి స్పష్టం దాకా అనేక అంచెల్లో సర్వర్లలో ఉంచుతారు. చూస్తున్న ఎత్తుకు, తెరపై కనిపించే మేరకు సరిపడే ముక్కలే మనకు వస్తాయి. నెట్ నెమ్మదిగా ఉంటే ముందు అంతా అలుక్కుపోయినట్టుండి, తర్వాత ఒక్కో గడీ తేటపడేది ఇందువల్లే. ఆ బొమ్మలను ఎత్తుల పటం మీద దుప్పటిలా పరుస్తారు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజులపాటు రాడార్‌తో సేకరించిన కొలతలు ఆ పటానికి ఒక ముఖ్య ఆధారం.

చాలామంది దీన్ని ప్రత్యక్ష ప్రసారం అనుకుంటారు. కాదు, ఇది వేర్వేరు రోజుల్లో తీసిన బొమ్మల బొంత. ఒకే చెరువు ఒక పక్క నిండుగా, అతుకు దాటగానే బీటలు వారి కనిపించవచ్చు. గృహప్రవేశమై ఏడాదైనా అక్కడ ఖాళీ స్థలమే ఉండవచ్చు. కొలత, సరిహద్దు, దావా విషయాల్లో బొమ్మ తేదీ చూడకుండా మాట్లాడడం తప్పు.

అయినా ఇది చేసిన మేలు చిన్నది కాదు. అయిదేళ్ల వయసులో రైల్లో నిద్రపోయి తప్పిపోయి, కోల్‌కతా చేరి, ఆస్ట్రేలియా దంపతుల పెంపకంలో పెరిగిన సరూ బ్రియర్లీ, హౌరా నుంచి బయల్దేరే రైలు పట్టాల వెంట తెరపై వెతుక్కుంటూ పోయాడు. తనకు గుర్తున్న స్టేషన్ పక్క నీళ్ల ట్యాంకు 2011లో దొరికింది. అక్కణ్నుంచి మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా, ఆపైన కన్నతల్లి.

మన దేశంలో ఈ తరహా వేదిక భువన్. ఇస్రో 2009 ఆగస్టులో ప్రారంభించింది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దీన్ని నడుపుతోంది.

గూగుల్ ఎర్త్‌లో అన్నిటికన్నా విలువైనది పాత చిత్రాలు చూసే సదుపాయం. అందులోని టైమ్‌లాప్స్ అనే విభాగంలో 1984 నుంచి ఏడాదికో బొమ్మ ఉంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేటి సరస్సును అందులో చూడాలి. అంచు ఇదీ అని చెప్పలేని పచ్చటి చిత్తడి మీద చేపల చెరువుల గట్లు ఏటికేడు గళ్లు గీసుకుంటూ పోతాయి. అయిదో కాంటూరు (సరస్సు హద్దుగా తీసుకున్న ఎత్తు గీత) లోపలి చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం తెగ్గొట్టించింది. ఆ ముందు ఏళ్లనూ, తర్వాత ఏళ్లనూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.